రెండో ఇంట్లో ఇంకో కాపీ

జూన్ 8, 2025, ఆదివారం. విజయవాడ

పొద్దున్నే హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసులో తీసేస్తున్న డెస్క్‌టాప్ ఒకటి కొని పెట్టాడట. ఐ5, 16 జీబీ ర్యామ్. "నాస్‌కి ఇది చాలక్కా, కొత్త పెట్టె దండగ" అన్నాడు. బస్సు పార్సిల్లో వేస్తాడు.

నాస్ అంటే ఏంటో అమ్మకి చెప్పాను. ఇంట్లో రౌటర్‌కి తగిలించి ఉంచే డిస్కుల పెట్టె. ఫోన్లలో తీసిన ఫొటోలు వాటంతటవే అందులోకి చేరతాయి, ఎవరి ఫోన్లో వాళ్లు అన్నీ చూసుకోవచ్చు. అంతా విని ఒక్కటే అడిగింది: "మళ్లీ నీళ్లొస్తే?"

ఆ మాటకి జవాబు దొరక్కుండా ఈ పని అయిందనుకోకూడదు. నిరుడు సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు మేం మేడ మీదికి చేరాం, ఆల్బమ్‌లు కింద బీరువా అడుగు అరలో ఉండిపోయాయి. ఫొటో కాగితం మీద బొమ్మ ఉండేది జెలటిన్ పొరలో. అది నానితే మెత్తబడి జారిపోతుంది. తడి ఫొటోలు దొంతరగా ఎండితే ఒకదానికొకటి కరుచుకుని ఇక విడిరావు. నీళ్లు దిగాక అమ్మా నేనూ ఒక్కో ఫొటో తడిగా ఉండగానే విడదీసి, మంచినీళ్ల బేసిన్లో ముంచి తీసి, నీడలో బొమ్మ పైకి ఉండేట్టు పాత పంచెల మీద పరిచాం. పేజీకి జిగురు రాసి పైన ప్లాస్టిక్ కాగితం కప్పే రకం ఆల్బమ్‌లు ఉంటాయే, వాటిలోవి చాలామటుకు పోయాయి. తమ్ముడి పెళ్లి ఆల్బమ్ అందులోదే. మూలలు దూర్చే నల్ల అట్టల పాత ఆల్బమ్ మాత్రం మరకలతో బతికింది.

ఫోన్ల గొడవ వేరే. గూగుల్ ఫొటోస్‌లో లెక్కలేనన్ని ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ఆగింది. ఇప్పుడు ఒక్కో ఖాతాకి మెయిల్‌తో కలిపి ఉచితం 15 జీబీయే. అమ్మ ఫోను నిండినప్పుడల్లా ఏది తీసెయ్యాలని నన్నడుగుతుంది. మనవల ఫొటోల్లో ఏది తీసెయ్యమంటాం?

జూన్ 21, శనివారం

డిస్కులు కొన్నాను, 4 టీబీవి రెండు. కొనేముందు రెండు విషయాలు పట్టుబట్టాను.

మొదటిది, సీఎంఆర్ రకమే కావాలని, ఎస్ఎంఆర్ వద్దని. ఎస్ఎంఆర్ డిస్కుల్లో ట్రాకులు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి పడి ఉంటాయి. అందులో ఒకచోట మార్చి రాయాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. మామూలుగా తెలియదు గానీ, ఒక డిస్కు పోయి కొత్తదాని మీదికి మొత్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు గంటల పని రోజులకి సాగుతుంది. షాపులో కుర్రాడు రెండూ ఒకటే అన్నాడు. కంపెనీ సైట్లో మోడల్ నంబరు పెట్టి అతనికే చూపించాను.

రెండోది, రెండు డిస్కులూ ఒకే షాపులో ఒకే లాటువి కాకూడదని. కలిసి తయారై, కలిసి తిరిగినవి కలిసే పోయే ప్రమాదం ఉంది.

జూన్ 29, ఆదివారం

తమ్ముడు పంపిన పెట్టె మేడ మీద గదిలో, కిటికీకి దూరంగా, గోడకి కొట్టించిన అరలో పెట్టాను. నాస్ నడిపే ట్రూనాస్ సిస్టమ్ ఎక్కించాను. దానికి వేరే చిన్న ఎస్ఎస్‌డీ కావాలి, ఫొటోల డిస్కుల మీద సిస్టమ్ ఉండనివ్వదు. ఫొటోలకి ఇమ్మిచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మొహాలు గుర్తుపట్టడం, వెతకడం అంతా ఈ పెట్టెలోనే జరుగుతుంది, బయటి సర్వర్‌కి ఏమీ వెళ్లదు. ఇంట్లో ఆడపిల్లల ఫొటోలున్నాయి గనక ఇది నాకు చాలా ముఖ్యం.

రెండు డిస్కుల్నీ అద్దంలా పెట్టాను, అంటే రాసిందల్లా రెండిటి మీదా పడుతుంది. ఇది రెయిడ్ పద్ధతి. బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988 నాటి పరిశోధన పత్రంలో దీనికి ఆ పేరు పెట్టారు. ఇది ఉంటే బ్యాకప్ ఉన్నట్టే అనుకునేవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. ఒక డిస్కు చస్తే రెండోది నిలబెడుతుంది, అంతవరకే. పొరపాటున ఒక ఫొటో డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండిటి మీదా పోతుంది. దొంగ పడితే, పిడుగు పడితే, బుడమేరు వస్తే రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. డిలీట్ సంగతికి రోజూ రాత్రి స్నాప్‌షాట్ తీసేట్టు పెట్టాను. నెల వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు.

ట్రూనాస్‌లో నాకు బాగా నచ్చింది దాని జడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ చేసే తనిఖీ. రాసే ప్రతి బ్లాకుకీ ఒక చెక్‌సమ్ దాచి, చదివినప్పుడు సరిచూస్తుంది. డిస్కు మీద ఒక బిట్టు తనంతట తాను మారిపోయినా పట్టుకుంటుంది, రెండో డిస్కు మీది మంచి కాపీతో బాగుచేస్తుంది. పదేళ్లుగా ఎవరూ తెరవని ఫొటో కూడా చెడిపోకుండా ఉందో లేదో నెలనెలా మొత్తం చదివించి చూసుకోవచ్చు. ఆల్బమ్‌ని అలా ఎవరు చూస్తారు?

కరెంటు: 35 వాట్లు లాగుతుందనుకుంటే నెలకి 25 యూనిట్లు. యూపీఎస్ యూఎస్‌బీ తీగ పెట్టెకి కలిపాను. కరెంటు పోయి బ్యాటరీ తగ్గగానే తనే సవ్యంగా ఆగిపోతుంది.

జులై 13, ఆదివారం

స్కానింగ్. 4x6 ప్రింటు 600 డీపీఐలో చేస్తే 2400x3600 పిక్సెళ్లు. టిఫ్‌గా దాస్తే ఒక్కోటి 26 ఎంబీ దాకా వస్తోంది, రానీ. అరచేతిలో పట్టే నలుపు తెలుపు ఫొటోలకి 1200.

వెనకవైపు కూడా స్కాన్ చేస్తున్నాను. స్టూడియో ముద్ర, పెన్సిలు రాత, ఒక్కోసారి తేదీ అక్కడే ఉంటాయి. ఒకదాని వెనక నాన్న చేతిరాత: "అమ్మాయి బడిలో చేరిన రోజు." ఆ ఫొటోలో నా మొహం వరద మరక కింద పోయింది. వెనక అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు, బాల్‌పెన్ సిరా గట్టిది.

వాట్సాప్‌లో వచ్చినవి వేరే ఫోల్డర్. మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గి, తీసిన తేదీ, చోటు ఊడిపోయి వస్తుంది. ఫైలు పేరులో ఉండే తేదీ అసలు ఫొటో తీసిన తేదీ కాకపోవచ్చు. ఫ్యామిలీ గ్రూపులో అందరికీ మెసేజ్ పెట్టాను: ఫంక్షన్ ఫొటోలు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు వస్తుంది. ఇద్దరు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ పెడతాను.

జులై 27, ఆదివారం

ఇవాళంతా అమ్మ నా పక్కనే కూర్చుంది. ఇమ్మిచ్ మొహాలన్నీ ఏరి, ఒకే మనిషివి అనుకున్నవాటిని గుంపులు చేసి, పేరు చెప్పమని ఖాళీలు పెట్టింది. ఈమధ్య ఫొటోల్లో అందరినీ బాగానే పట్టింది. పాతవాటిలో తడబడింది. పిన్నినీ మా అమ్మమ్మనీ ఒకే మనిషి అంది, పసిపిల్లల్ని ఒకరికొకరిని కలిపేసింది. అమ్మ మాత్రం వెనక నుంచి భుజం కనిపిస్తే చాలు, పేరు చెప్పేస్తోంది.

పేరు రాసే చోట ఆగాం. ఒకాయన అమ్మకి మరిది, నాకు బాబాయి, తమ్ముడి పిల్లలకి చిన్నతాత. వరస రాస్తే చూసేవాళ్లని బట్టి అబద్ధమైపోతుంది. ఇంటిపేరుతో అసలు పేరు రాయడం, ఆడవాళ్లకి పుట్టింటి పేరు కూడా చేర్చడం, వరసలన్నీ కింద వివరాల్లో పెట్టడం అని తేల్చుకున్నాం. నాయనమ్మ పుట్టింటి పేరు నాకు ఇవాళే తెలిసింది. నలభై దాటాక.

పుట్టిన తేదీ ఇస్తే ఆ ఫొటో నాటికి ఆ మనిషి వయసెంతో కూడా చూపిస్తుంది. కాకపోతే స్కాన్ చేసినవాటికి స్కాన్ చేసిన రోజే తేదీగా పడుతుంది, ఒక్కోటీ వెనక్కి మార్చాలి. అమ్మ లెక్కలు అమ్మవి. "నువ్వు కడుపులో ఉన్నావు, అంటే అప్పటికి ఈ ఇల్లు పునాదుల్లో ఉంది." నేను ఏడాది వేసుకున్నాను.

నల్ల అట్టల ఆల్బమ్‌లో చివరి ఫొటో దగ్గర అమ్మ చాలాసేపు ఆగింది. తాతయ్య, అమ్మమ్మ, నలుగురు పిల్లలు. అమ్మకి పన్నెండేళ్లుంటాయి. అవనిగడ్డ స్టూడియో. నాగాయలంక దగ్గర ఊరు వాళ్లది. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు పోయింది, గోడకున్న పటాల దగ్గర్నుంచి పొలం కాగితాల దాకా ఏదీ మిగల్లేదు. ఈ ఫొటో మిగలడానికి కారణం ఒక్కటే. అంతకుముందే తాతయ్య రెండు కాపీలు తీయించి, ఒకటి గుడివాడలో తన చెల్లెలికి ఇచ్చాడు. ఆవిడ పోయాక వాళ్ల పిల్లలు అమ్మకి తెచ్చి ఇచ్చారు. ఆ ఇంట్లో అమ్మ పన్నెండేళ్ల మొహం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఇంకొకరి ఇంట్లో ఉండబట్టి బతికింది.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ చెప్పిన 3-2-1 సూత్రం నేను ఆఫీసులో నేర్చుకున్నాను: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట. ఆ ఆఖరి ఒకటి తమ్ముడింట్లో ఉండాలి. వాడికి ఇవాళే చెప్పాను.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. హైదరాబాదులో మరదలు కలశం ఫొటో తీసిన కాసేపటికి అమ్మ ఫోన్లో షేర్డ్ ఆల్బమ్‌లో కనిపించింది. చీర అంచు దాకా పెద్దది చేసి చూసుకుంది. అమ్మకి పని బాగుందని ఇవాళ నమ్మకం కుదిరింది.

ఆగస్టు 17, ఆదివారం

మరదలి ఫోను హైదరాబాదు నుంచి ఈ పెట్టెని ఎలా చేరుతోందని పక్కింటి అబ్బాయి అడిగాడు. తనూ పెట్టుకుంటాడట, రౌటర్‌లో పోర్టు తెరిస్తే చాలు కదా అన్నాడు. వద్దన్నాను. ఎలాగూ మన ఇళ్ల కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే చిరునామా వెనక బోలెడు ఇళ్లుంటాయి. ఉన్నా తెరవకూడదు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కి నేరుగా కనబడేట్టు వదిలిన నాస్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లకి తాళం వేసి, ఒక్కొక్కరిని 0.03 బిట్‌కాయిన్ అడిగింది. వాటిలో చాలావరకు ఇలాంటి ఇళ్లవి, చిన్న ఆఫీసులవి.

మా ఫోన్లలో టెయిల్‌స్కేల్ ఉంది. వైర్‌గార్డ్ పద్ధతిలో మా పరికరాల మధ్య మాత్రమే గూఢలిపిలో దారి వేస్తుంది. పోర్టు తెరిచే పనే లేదు. అమ్మ ఫోన్లో ఒకసారి పెట్టి వదిలేశాను, అదొకటి ఉందని కూడా ఆవిడకి తెలియదు.

సెప్టెంబరు 14, ఆదివారం. హైదరాబాదు

మొదటి కాపీ నెట్‌లో పంపలేదు. మా అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్. ఆ వేగంతో ఒక టెరాబైటు ఆగకుండా వెళ్లినా రెండు రోజుల పైన పడుతుంది, మన కరెంటుతో ఆగకుండా వెళ్లదు. ఇంట్లోనే బయటి డిస్కు మీదికి ఎక్కించి, బ్యాగులో చీరల మధ్య పెట్టుకుని రైల్లో తెచ్చాను. ఇక రోజూ రాత్రి కొత్తగా చేరినవే వస్తాయి.

బ్యాకప్‌కి రెస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. కాపీ మొత్తం గూఢలిపిలో ఉంటుంది, రేపు తమ్ముడింట్లో డిస్కు ఎవరైనా పట్టుకుపోయినా మా ఫొటో ఒక్కటీ తెరవలేరు. పాస్‌వర్డ్ పోతే మేమూ తెరవలేం. కాగితం మీద రాసి అమ్మ బీరువా పై అరలో ఒకటి, బందరులో పిన్ని దగ్గర ఒకటి ఉంచాం.

ఫొటోలతో పాటు ఇమ్మిచ్ డేటాబేస్ కూడా రావాలి. ఇది చాలామంది వదిలేస్తారు. మొహానికి పెట్టిన పేరు ఫొటో ఫైల్లో ఉండదు, డేటాబేస్‌లో ఉంటుంది. అది పోతే ఫొటోలన్నీ ఉంటాయి, అందులో ఎవరున్నారో చెప్పడానికి అమ్మని మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టాలి. అమ్మకి అరవై అయిదు నిండాయి. అందుకే పేర్ల జాబితా నోటుబుక్కులో కూడా రాయించాను, ఆవిడ చేత్తోనే.

తమ్ముడు అడిగాడు: "ఇది పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది?" తిరిగి తెచ్చి చూస్తేనే తెలుస్తుంది.

అక్టోబరు 5, ఆదివారం. విజయవాడ

తెచ్చి చూశాను. విజయవాడ పెట్టెని ముట్టుకోకుండా, హైదరాబాదు కాపీ నుంచి నల్ల అట్టల ఆల్బమ్ ఫోల్డర్ మొత్తం నా ల్యాప్‌టాప్‌లోకి దించాను. ప్రతి ఫైలు హ్యాషూ అసలుదానితో సరిపోయింది. డేటాబేస్‌ని వేరే చోట లేపితే పేర్లన్నీ వచ్చాయి, నాయనమ్మ పుట్టింటి పేరుతో సహా. మూడు నెలలకోసారి ఇలా దించి చూడాలని క్యాలెండర్‌లో రాసుకున్నాను.

పిన్ని ఫోన్ చేసింది. "మా ఇంట్లో పాత ఫొటోలు ట్రంకు పెట్టెలో ఉన్నాయే, అవి కూడా ఎక్కిస్తావా?" అంది. ఎక్కిస్తాను పిన్నీ, ఒక్కటి కూడా ఏరి పారెయ్యకుండా తీసుకురా అన్నాను. తన పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్లు కూడా ఉన్నాయట. తమ్ముడి పెళ్లి ఆల్బమ్ ఎలాగూ పోయింది, వీడియో క్యాసెట్ ఒకటి పిన్ని దగ్గరే ఉండిపోయిందేమో వెతకమన్నాను. ముందు టేపు అంచున తెల్లగా బూజు ఉందేమో చూడాలి. బూజు టేపు వీసీఆర్‌లో పెడితే హెడ్ పాడై తర్వాతి క్యాసెట్‌కి కూడా అంటుతుంది. పనిచేసే వీసీఆర్ కోసం రేపు సాయంత్రం ఆఫీసు నుంచి బీసెంట్ రోడ్డు మీదుగా వస్తాను, అక్కడ పాత రిపేరు షాపుల్లో అడగాలి.