227 కిలోల పికప్, మన బొలెరో ట్రాలీ



హాస్టల్‌ల మా రూమోళ్లం ఈ మధ్య ఒక పికప్ బండి గురించి మస్తు మాట్లాడుకున్నం. పేరు జీఎంసీ సైక్లోన్. 1991లో అమెరికాల చేసిన్రు, మొత్తం 3 వేల లోపే. 4.3 లీటర్ల ఇంజనుకు టర్బో పెట్టిన్రు, 280 హార్స్‌పవర్. ఆ ఏడాదే 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక పెట్టిన పావు మైలు పందెంలో ఫెరారీ 348ను దాటేసింది.

కానీ కంపెనీ ఒక షరతు పెట్టింది: 500 పౌండ్లకు మించి, అంటే దాదాపు 227 కిలోలకు మించి బరువు వేయొద్దు. 50 కిలోల బియ్యం బస్తాలు ఐదు కూడా వేయరాదు!

మన హుస్నాబాద్ దిక్కు పికప్ అంటే బొలెరో ట్రాలీ. పత్తి ఏరనీకి, నాట్లకు మన యాడీలు తండా నుంచి అందులోనే నిలబడి పోతరు. ఇరవై మంది ఎక్కినా బరువు ఎవరూ లెక్కపెట్టరు. పెండ్లిళ్లకు మేమూ అట్లనే పోయినం.

సరుకు బండిలో ప్రయాణికులను ఎక్కించుడు చట్టం ఒప్పుకోదు. అట్ల ఎక్కినోళ్లకు ప్రమాదమైతే బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదు, ఓనర్‌దే అని 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఓనర్ కాడ పైసలు లేకపోతే ఆ ఇంటి గతేంది?

ఎక్కొద్దని చెప్పుడు సులువే. ఆటోకు కిరాయి ఎక్కువ, బస్సు ఆ టైముకు రాదు. అందుకే కూలి మాట్లాడేటప్పుడే ఆటో కిరాయి కూడా మాట్లాడాలె. పొద్దుగాల బస్సు కోసం తండా అంతా సంతకాలు పెట్టి హుస్నాబాద్ డిపోల దరఖాస్తు ఇయ్యాలె. అది రాసుడు మన పనే, ఇంట్ల చదువుకున్నది మనమే కదా.