సున్నాలో పి

12 అక్టోబర్
నాన్న ట్రంకుపెట్టెలో నలభై క్యాసెట్లు. ఒకదాని మీద ఆయన చేతిరాత: ‘కచేరి, సైడు ఎ’. ఎవరి కచేరో లేదు. ఖాళీ క్యాసెట్టు ఇస్తే సాయంత్రానికి ఎక్కించి పెట్టే షాపు మా వీధి చివర ఉండేది. జీతాల రోజున నాన్న అక్కడికి వెళ్లేవారు. అది దొంగతనమని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

15 అక్టోబర్
వదులైన టేపును పెన్సిల్‌తో బిగించి విన్నాను. గాత్రం ఆగి మృదంగం మోగే తని ఆవర్తనం మధ్యలో సైడు అయిపోయింది. గాత్రం పోల్చుకున్నాను. మృదంగం ఎవరిదో తెలియలేదు.

19 అక్టోబర్
గ్రామఫోన్ రికార్డుకు నకలు తీయాలంటే అచ్చులూ యంత్రాలూ కావాలి. 1963లో ఫిలిప్స్ క్యాసెట్టు తెచ్చాక రెండు డెక్కులు చాలు. నకళ్లు సరిహద్దులు దాటితే ఒక్క దేశపు చట్టం ఏం చేయగలదు? అందుకే 1971లో జెనీవా ఒప్పందం. నిర్మాత అనుమతి లేకుండా జనంలోకి వదిలేందుకు నకలు తీయకూడదు, దిగుమతి చేయకూడదు, పంచకూడదు. కనీసం 20 ఏళ్ల రక్షణ. కాపీరైటుతో కాపాడతారో, శిక్షలతోనో ఆయా దేశాల ఇష్టం. మనం 1975లో చేరాం.

23 అక్టోబర్
అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అదే గాయకుడి అసలు క్యాసెట్టు దొరికింది. కచేరి మాత్రం వేరు. అట్ట మీద సున్నాలో పి, పక్కన విడుదలైన సంవత్సరం. జెనీవా ఒప్పందం చెప్పిన గుర్తు అదే. దాని కింద వయొలిన్, మృదంగం, ఘటం, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. షాపులో ఎక్కించినప్పుడు పాట మా ఇంటికొచ్చింది, ఈ అట్ట రాలేదు.

26 అక్టోబర్
1961లో ఇదే రోజున రోమ్ ఒప్పందం గాయకులనూ, వాద్యకారులనూ తలచుకుంది. మనం సంతకం చేశాం, ఆమోదించలేదు. జెనీవా కాపాడింది నిర్మాతను. కళాకారుల హక్కు మన చట్టంలోకి 1994లో గాని రాలేదు. 1996 నాటి మరో జెనీవా ఒప్పందం ప్రదర్శకుడికి తన పేరు చెప్పించుకునే హక్కునిచ్చింది. అది మన చట్టంలోకి 2012లో వచ్చింది, ఆ ఒప్పందంలో 2018లో చేరాం. చదువుతుంటే గొంతు పట్టేసింది. డబ్బు నష్టం ఎప్పటికైనా లెక్క కట్టొచ్చు. నలభై ఏళ్లు పేరు లేకుండా మోగిన ఆ చేతులకు ఏమిచ్చి తీర్చుకుంటాం?

29 అక్టోబర్
నాన్న రాత కింద గాయకుడి పేరు రాశాను. ఆ కింద ‘మృదంగం:’ అని రాసి, పేరు పట్టేంత చోటు వదిలాను.