ఒక్కరి దగ్గర ఆగిపోని వార్త

సరయేవో, సోమవారం

నాన్నగారికి,
క్షేమంగా చేరాను. దేశాల సరిహద్దులు దాటి అవినీతిని తవ్వే ఓసీసీఆర్పీ అనే విలేకరుల కూటమి 2006లో పుట్టింది ఈ ఊళ్లోనే. మా విలేకరుల శిక్షణ మొదలవగానే మా ముందు స్కాన్ చేసిన పత్రాల కుప్ప పెట్టారు. ఐసీఐజే అనే మరో అంతర్జాతీయ విలేకరుల కూటమి వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ డేటాషేర్‌లో వేస్తే, బొమ్మలుగా ఉన్న పేజీలను అక్షరాలుగా చదివి మనుషుల పేర్లు, కంపెనీలు, ఊళ్లు వేరుచేసి చూపించింది. ఇదంతా మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది, రహస్య పత్రం గడప దాటదు.

అసలు కష్టం ఆ తర్వాతే. ఇక్కడ ఒకే పేరు ఒక రిజిస్టర్‌లో లాటిన్ లిపిలోనూ మరోదాంట్లో సిరిలిక్‌లోనూ ఉంటుంది. అభ్యాసంలో నాకు పేరు కలిసింది, చిరునామా కూడా కలిసింది. పుట్టినతేదీ చూస్తే ఒకరు తాత, ఒకరు మనవడు! మండలాఫీసులో మీరు అడంగల్, 1బి భూమి రికార్డులు పక్కపక్కన పెట్టుకుని వేలుపెట్టి సరిచూసేవారే, అచ్చం ఆ పనే.

మ్యూనిక్, శుక్రవారం

నాన్నగారూ,
విదేశీ డొల్ల కంపెనీల గుట్టు విప్పిన పనామా పత్రాలు ముందుగా అందింది ఈ ఊరి జుడ్‌డాయిష్ జైటుంగ్ పత్రికకే. 1 కోటి 15 లక్షల ఫైళ్లు! అంత పెద్ద వార్తను వాళ్లు తమకే దాచుకోకుండా ఐసీఐజేతో పంచుకున్నారు. సాంకేతిక నిపుణులు ఆ ఫైళ్లను వెతకడానికి వీలుగా మార్చారు, ఏ కంపెనీ వెనక ఎవరున్నారో గీతలు గీసి చూపే పటాలు తయారుచేశారు. దాదాపు 80 దేశాల విలేకరులు, మన ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లతో సహా, ఏ దేశం సంగతి ఆ దేశంలో నిర్ధారించుకున్నారు. 2016 ఏప్రిల్ 3న అందరూ ఒకేసారి ప్రచురించారు. ఆ దెబ్బకు రెండు రోజుల్లో ఐస్‌లాండ్ ప్రధాని పదవి వదులుకున్నాడు.

వల్లెట్టా, ఆదివారం

నాన్నగారూ,
కోర్టు ఎదుట స్మారకం దగ్గర మాల్టా విలేకరి డాఫ్నీ కరువానా గలీజియా ఫొటో, పూలు, కొవ్వొత్తులు చూశాను. 2017 అక్టోబర్ 16న ఆమెను కారుబాంబుతో చంపారు. ఇక్కడ పెట్టిన పూలను ప్రభుత్వం పదేపదే తీసేయిస్తే, అది తప్పని 2020లో కోర్టు తీర్పిచ్చింది.

17 బ్లాక్ అనే దుబాయ్ కంపెనీ పేరు ఆమె రాసింది, దాని యజమాని ఎవరో తేలేలోపే చంపేశారు. మరుసటి ఏడాది 18 మీడియా సంస్థల నుంచి 45 మంది విలేకరులు ఆమె వదిలిన పనిని అందుకున్నారు. ఆ నవంబర్‌లో రాయిటర్స్, టైమ్స్ ఆఫ్ మాల్టా కలిసి ఆ కంపెనీ యజమాని పేరు బయటపెట్టాయి.

మీరు నా గురించి భయపడుతుంటారని తెలుసు. పత్రాలు పదిమంది దగ్గర ఉన్నప్పుడు ఒకరిని చంపి ప్రయోజనం ఉండదు. ఈ ప్రోగ్రాములన్నిటికన్నా ముందు మన జిల్లా విలేకరులకు నేను చెప్పబోయేది ఇదే: ప్రాణం మీదికి వచ్చే వార్తను ఒక్కరే మోయకండి, మొదటిరోజే నమ్మకమైన మరొకరికి ప్రతి ఇవ్వండి.

మీ అమ్మాయి