నీటికీ రిజిస్టరుకీ మధ్య

"పాపకి జ్ఞానతండ్రిగా నువ్వే ఉండాలి" అన్నాడు మిత్రుడు. పుదుచ్చేరి నుంచి కడలూరు రోడ్డు మీద అరియాంకుప్పం, తవళకుప్పం దాటాక వచ్చే కిరుమాంబాక్కంలో, వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. అతను ఎం.ఎ. పొలిటికల్ సైన్స్‌లో నా క్లాస్‌మేట్. కాగితాల మీద హిందూ, ఎస్సీ. భార్య క్యాథలిక్. ఆర్నెల్ల పాపకి ఆ ఆదివారం జ్ఞానస్నానం. నేనేమో ఒంగోలు దగ్గర బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, పుస్తకం చూడకుండా కీర్తనలు పాడుతూ పెరిగినవాణ్ణి. అయినా చెప్పాల్సి వచ్చింది: "కుదరదురా. నేనింకా బాప్తిస్మం తీసుకోలేదు."

క్యాథలిక్కులు పసిబిడ్డ తల మీద మూడుసార్లు నీళ్లు పోస్తారు. దేవుడి దయ ఒకరు సంపాదించుకునేది కాదు, ఊరికే దొరికేది కాబట్టి పసివాళ్లకీ ఇవ్వొచ్చని వాళ్లంటారు. మావాళ్లు మాత్రం ఊహ తెలిశాక, నమ్ముతున్నానని నలుగురి ముందు ఒప్పుకున్నాకే నిండా ముంచుతారు. పద్ధతులు వేరైనా మూలార్థం ఒక్కటే. నీటిలోకి దిగడం పాత మనిషి చావు, పైకి లేవడం కొత్త జీవితం. రోమీయులకు రాసిన లేఖలో పౌలు వివరించింది ఇదే. గలతీయులకు రాసినప్పుడు మరో అడుగు వేశాడు. బాప్తిస్మం పొందినవాళ్ల మధ్య జాతి, బానిసత్వం లాంటి తేడాలకు చోటు లేదన్నాడు. వెలివాడల్లో ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

1878 జూలై 3న మా ప్రాంతంలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. అంతకుముందు కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. తిండి కోసం మతం పుచ్చుకుంటున్నారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల.

మా ఇంట్లో కథ తిరగబడింది. పదహారేళ్లప్పుడు బాప్తిస్మం జాబితాలో నా పేరు రాయబోతే నాన్న ఆపాడు. "ముందు ఉద్యోగం రానీ" అన్నాడు. నా సర్టిఫికెట్‌లో హిందూ మాదిగ అని ఉంది. యూనివర్సిటీ సీటు దాంతోనే వచ్చింది. ఉద్యోగం ప్రైవేటుదే దొరికింది కాబట్టి ఇప్పుడు నాకు ఆ కాగితంతో పనిలేదు. కానీ నాకూ ఒక కూతురుంది, రేపు దానికీ ఓ సర్టిఫికెట్ కావాలి. నెలకోసారి ప్రభువు బల్ల వేళ రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం నా ముందు నుంచే పక్కవాళ్లకి వెళుతుంది. బతికున్నన్నాళ్లూ ఆ క్షణంలో నాయనమ్మ తల వంచుకునేది. అప్పట్లో లాభం కోసం మునుగుతారేమోనని దొర ఆపాడు. ఇప్పుడు నష్టం వస్తుందని మాకు మేమే ఆగుతున్నాం.

నష్టం ఉత్తుత్తిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు వర్తింపజేశారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు బీసీ-సి కింద ఉన్న కోటా ఒక శాతం. 2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు పుదుచ్చేరిదే. హిందూ తండ్రికీ క్రైస్తవ తల్లికీ పుట్టి, పసికందుగా ఉన్నప్పుడే విలియనూరు లూర్దుమాత మందిరంలో జ్ఞానస్నానం పొందిన ఒక మహిళకు ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించడం సరైనదేనని కోర్టు చెప్పింది. ఆమె క్రమం తప్పకుండా చర్చికి వెళ్తోందనీ, నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారడం రాజ్యాంగాన్ని మోసగించడమేననీ పేర్కొంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పదేళ్లుగా పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని తేల్చింది.

చర్చిలో కులం లేదంటూ బయటికొచ్చి కులం కాగితం అడగడమేమిటన్న ప్రశ్నలో బలం ఉంది. ఉన్న వాటాను మరికొందరితో పంచుకోవాలంటే హిందూ దళితులు భయపడటంలోనూ అర్థం ఉంది. కానీ నీళ్లు పోయగానే కులం పోతుందని చట్టం నమ్మినంతగా చర్చే నమ్మలేదు. 1745లో పుదుచ్చేరి జెస్యూట్ చర్చిలో అంటరాని క్రైస్తవుల్ని వేరుగా కూర్చోబెట్టడానికి కట్టిన గోడను కూల్చిన సంగతి దుబాసీ ఆనందరంగ పిళ్లై తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ గోడకు రెండు వైపులా కూర్చున్నది బాప్తిస్మం పొందినవాళ్లే. మా ఊళ్లోనూ నాయనమ్మకి బాప్తిస్మం ఇచ్చిన రోజున ఆమె ఇల్లు పల్లె నుంచి ఊళ్లోకి జరగలేదు. ఒకరికి కులం బాధ తప్పిందో లేదో ఆమె బతుకుని చూసి తేల్చాలిగానీ చర్చి రిజిస్టరు చూసి కాదు.

అరుగు మీద మిత్రుడి భార్య కాఫీ గ్లాసు అందిస్తూ అంది: "రెండు నెలలుగా ఈయన నాన్చుతూనే ఉన్నారన్నా. పెద్దయ్యాక నాకెందుకు జ్ఞానస్నానం చేయించలేదని పాప అడిగితే నేనేం చెప్పాలి?"

"ఎందుకు చేయించావని అడిగితే?" అన్నాడతను.

ఇద్దరూ నావైపు చూశారు. పెద్దయిన ఆ బిడ్డను నేనే. అయినా నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం పాప మేనమామ జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. నేను వెనక వరసలో ఉన్నాను. నీళ్లు తగలగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. తర్వాత రిజిస్టరు తెచ్చారు. మిత్రుడు పెన్ను పట్టుకుని కొద్దిసేపు ఆగి, సంతకం పెట్టాడు.

తిరుగు బస్సులో నాన్నకి ఫోన్ చేసి విషయం చెప్పాను. "రిజిస్టర్లో రాసేశారా?" అని అడిగాడు. రాశారన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాయనమ్మ ఉంటే సంతోషించేది" అన్నాడు. పాప గురించి అన్నాడో, నా గురించి అన్నాడో నేను అడగలేదు.