చదువని వ్యాసము, చూడని ఆట

మన పాఠశాల వార్షిక సంచికకు ప్రతి సంవత్సరము ఛందస్సును గూర్చియో, సామెతలను గూర్చియో యొక వ్యాసము వ్రాయుట నాకు వాడుక. ఈ మారు వీడియో ఆటలను గూర్చి వ్రాయుచున్నానని విని తోడి యుపాధ్యాయులు నవ్విరి. నవ్వదగినదే. కాని దీని వెనుక నేను చేసిన తప్పొకటి కలదు. దానిని ముందుగా ఒప్పుకొని, పిమ్మట విషయమునకు వచ్చెదను.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులను “నాకు నచ్చిన పుస్తకము” అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిని. ఒక బాలుడు పుస్తకమునకు మారుగా “స్టార్‌డ్యూ వ్యాలీ” అను వీడియో ఆటను గూర్చి రెండు పుటలు వ్రాసెను. నేను మొదటి నాలుగు పంక్తులు చదివి, ఎఱ్ఱ సిరాతో సున్న చుట్టి, “ఆట పుస్తకము కాదు. కాలము వ్యర్థము చేసికొనకుము” అని క్రింద వ్రాసితిని. వాడు కాగితము తీసికొని నా బల్లయొద్దకు వచ్చి, మెల్లగా, “మాస్టారూ, మీరు ఆ ఆట చూచినారా?” అని యడిగెను. చూడలేదంటిని. వాడు మరి మాటలాడక, ఆ కాగితమును నా బల్లమీదనే విడిచి తన చోటికి పోయి కూర్చుండెను. నేను దానిని తక్కిన కాగితములతో కట్టగట్టి బీరువాలో పెట్టితిని.

కాగితము బీరువాలోనికి పోయినది గాని ప్రశ్న పోలేదు. జవాబును తుదివరకు చదువక మార్కు వేయరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. పుస్తకము చదువకయే విమర్శించువారిని నేను తరగతిలో ఎన్నిమారులు పరిహసించితినో లెక్కలేదు. ఇప్పుడా పని నేనే చేసితిని. చూడని ఆటకు తీర్పు చెప్పితిని. చదువని వ్యాసమునకు మార్కు వేసితిని.

వీడియో ఆటలు నేను బొత్తిగా ఎఱుగనివాడను కాను. నా చిన్ననాట గుంటూరులో గంటకింతయని అద్దె తీసికొని, టెలివిజనుకు తగిలించిన పెట్టెపై ఆటలాడనిచ్చు దుకాణము లుండెడివి. మీసముల మారియోను గోడలు దుమికించుచు, జేబులోని చిల్లర యున్నంతసేపు ఆడి, ఇంటికి పోయి చీవాట్లు తినుచుంటిమి. ఆ జాతి పెట్టెకే కన్సోలని పేరు. 1972లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన మాగ్నవాక్సు ఒడిస్సీ యిండ్లలో ఆడు కన్సోలులలో మొదటిది. నా చదువు అటుపిమ్మట ఆ దిక్కునకు పోలేదు.

వేసవి సెలవులలో గుంటూరున మా చెల్లెలి యింటికి పోయితిని. మా మేనల్లునికి ప్లేస్టేషను 5 అను కన్సోలు కలదు. “నాయనా, నాకీ యాటలు నేర్పుము” అనగా, వాడు “నిజముగానా మామయ్యా?” అని పకపక నవ్వెను. ఒప్పందమిది: సాయంకాలము రెండు గంటలు మాత్రమే, వాడు గురువు, నేను శిష్యుడను, ఆడిన పిమ్మట నేను నోటుపుస్తకములో గుణదోషములు వ్రాసికొందును. ఒక్కొక్క రకము ఆటను ఒక్కొక్కటిగా చూచితిమి.

మొదటిది “ఆస్ట్రో బాట్”. 2024లో జపానులోని టీమ్ అసోబీ వారు వెలువరించిన గంతులాట ఇది. చిన్న మరబొమ్మ యొకటి లోకలోకములు తిరిగి, తప్పిపోయిన తన తోడి మరబొమ్మలను వెదకి తెచ్చును. అది ఇసుకపై నడచినపుడొక రీతిగను, వాన కురిసినపుడొక రీతిగను చేతిలోని కంట్రోలరు కంపించును. నేను పడిన చోటనే పదునేడు మారులు పడితిని. ఐనను ఆ యాట నన్ను వెక్కిరింపలేదు. క్షణములో మరల దగ్గరి తావున నిలువబెట్టి, ఇంకొకమారు ప్రయత్నింపుమనెను. లెక్క తప్పిన బాలునితో నేనిట్టి యోర్పు చూపుదునా యని సిగ్గుపడితిని. దోష మేమనగా, రక్షింపబడు బొమ్మలలో పెక్కింటికి ఆ కన్సోలు సంస్థవారి పాత యాటలలోని పాత్రల వేషములు వేసిరి. తన పెండ్లిలో తానే పాట పాడుకొనునట్లున్నది.

రెండవది “ఇట్ టేక్స్ టూ”. స్వీడను దేశపు హేజ్‌లైట్ వారు 2021లో వెలువరించిరి. దీనిని ఒక్కరు ఆడుటకు వీలులేదు. విడిపోదలచిన భార్యాభర్తలు తమ బిడ్డ కన్నీటిచేత చిన్న బొమ్మలుగా మారుదురు. భర్తకు మేకులు విసరు శక్తియు, భార్యకు సుత్తెయు దొరకును. అతడు గోడకు మేకు కొట్టినగాని ఆమె దానిని పట్టి యూగి దాటలేదు. ఆమె దాటి దారి తీసినగాని అతడు రాలేడు. సహకారమును గూర్చి నేను వ్రాయించిన వ్యాసములన్నిటికంటె ఈ మేకు సుత్తెలు బాగుగ బోధించినవి. కాని యొక ఘట్టమున, బిడ్డను ఏడిపించినచో తమకు పూర్వరూపము వచ్చునని తలచి, తల్లిదండ్రులు ఆమెకు ప్రాణమైన గుడ్డ యేనుగును, అది బ్రతిమాలుచున్నను విడువక, ఈడ్చుకొనిపోయి నాశము చేయవలెను. మనము మీట నొక్కిననే ఆ పని జరుగును. వంటయింటి గడపయొద్ద నిలిచి చూచుచున్న మా చెల్లెలు, “అన్నయ్యా, ఇది నవ్వులాటయా?” అనెను. నవ్వు పేరిట క్రూరత్వము చేయించుట ఆ యాట కొక మచ్చ.

మూడవది “రాజీ”. 2020లో పూనా నగరములోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు చేసిన సాహసపు ఆట. రాక్షసులు ఎత్తుకొనిపోయిన తమ్ముని వెదకుచు రాజీ యను బాలిక బయలుదేరును. దుర్గయు విష్ణువును ఆమెకు ఆయుధములొసగుదురు. నేను క్రైస్తవుడనైనను, తెలుగు బోధించువానికి పురాణగాథలు పరాయివి కావు. నన్నాకర్షించినది మరియొకటి. కథ నడుమ నడుమ తెరపై నీడబొమ్మలు వచ్చి జరిగినది చెప్పును. మన పల్లెలలో తెర కట్టి, దీపములు వెలిగించి, తెల్లవారువరకు ఆడిన తోలుబొమ్మలాట నాకు జ్ఞప్తికి వచ్చినది. అయితే పోరాటములు కొంతసేపటికి ఒకే తీరున సాగును; కథయు తీరవలసిన చోట తీరక, ఠక్కున ఆగిపోవును. స్వదేశీయమని దోషము దాచుట ప్రేమ కాదు గావున వ్రాసితిని.

నాల్గవది “వెణ్బా”. కెనడాలోని విసాయ్ గేమ్స్ వారు 2023లో వెలువరించిరి. వెణ్బా యనునది తమిళమున నొక ఛందస్సు పేరు. ఇందు అది యొక తల్లి పేరు. ఆమె భర్తతో కూడ 1980ల తుదిని కెనడాకు వలసపోయి, తన తల్లి వ్రాసియిచ్చిన వంటపుస్తకమును చూచుకొని వండుచుండును. పుస్తకమున కొన్ని పంక్తులు చెరిగిపోయినవి. ఆ లోపము నూహించి మనము వండవలెను. ఇడ్లీరేకులను ఆవిరి సరిగా పైకి పోవునట్లు ఒకదానిపై నొకటి పేర్చుటయే మొదటి పరీక్ష. అందు నేను తప్పితిని. మా చెల్లెలు వచ్చి ఒక్కమారుకే సరిచేసెను. ఆమె ఆ యాటలలో వేలు పెట్టినది అప్పుడొక్కటే. ఆమె కుమారుడు పెరిగినకొలది తల్లిభాష మాటలాడుటకు సిగ్గుపడును. పెద్దవాడైన తరువాత ఆ పుస్తకమును ముందు పెట్టుకొని, తమిళ లిపి కూడబలుకుకొనుచు తానే వండబూనును. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను మనుమలున్న తాతలు మన పల్లెల్లో ఎందరు లేరు! వారు వ్రాసిన యుత్తరము ఆ మనుమలు చదువగలరా? అంతదూర మేల? మా మేనల్లుడు ఆ యాటలోని ఇంగ్లీషు నంతయు గడగడ చదివెను; నా నోటుపుస్తకములోని తెలుగు చదువుమనగా తడబడెను. ఒకటి రెండు గంటలలో ముగియు చిన్న యాట యిది. పాత్రల కష్టములను త్వరత్వరగా దాటించునని కొంత కొఱతగా తోచినను, 2024లో బ్రిటనులోని బాఫ్టావారు దీనికి తొలి యాట బహుమానమిచ్చుట యుక్తమే.

తుదకు “స్టార్‌డ్యూ వ్యాలీ” వంతు వచ్చినది. దీనిని ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు ఇంచుమించు నాలుగున్నర సంవత్సరములు ఒంటరిగా శ్రమించి, బొమ్మలు, సంగీతము, కథ యన్నియు తానే సమకూర్చి 2016లో వెలువరించెను. తాత విడిచిన బీడుపొలమును మనుమడు బాగుచేసికొనుట ఇందలి కథ. రాళ్లు ఏరవలెను, దున్నవలెను, విత్తవలెను, దినదినము నీరు పోయవలెను. ఏటికి నాలుగు ఋతువులు. ఒక్కొక్కదానికి 28 దినములు. “మామయ్యా, ఇందులో మిర్చి కూడ ఉన్నది!” అని మా వాడు కేక వేసెను. విత్తనము 40 నాణెములు. 5 దినములకు కాపు. అటుపిమ్మట 3 దినములకొక కోత. సాధారణమైన కాయ 40 నాణెములకు పోవును. నీరు పెట్టుట మఱచినచో మొక్క పెరుగదు గాని చావదు. కాకుల భయము కలదు. దిష్టిబొమ్మ నిలిపిన అదియు తీరును. కాయలను పెట్టెలో వేసిన తెల్లవారుసరికి సొమ్ము వచ్చును. ధర ఏటేట మారదు.

ఇది చూచుచు నేను మన పొలములను తలచితిని. ఆగస్టు, సెప్టెంబరులలో నారు నాటి, జనవరి మొదలు కోతలు కోసి, కల్లములో ఎండబెట్టి, తాలుకాయ లేరి, టిక్కీలు కట్టి, గుంటూరు మిర్చియార్డుకు చేర్చి, ధర యెంత పలుకునోయని కూర్చుండువారి బిడ్డలు మన పాఠశాలలో సగమునకు తక్కువ లేరు. 2021–22 పంటకాలమున నల్ల తామరపురుగు పూతలో చేరి మన మెట్టపొలములలోని మిరపను పాడుచేసిన సంగతి ఎవరును మఱవలేదు. “ఈ యాట అందమైనది, కాని సేద్యమును గూర్చి సత్యము చెప్పదు” అని నోటుపుస్తకములో వ్రాసికొని, మంచి విమర్శ చేసితినని కొంత గర్వపడితిని.

జూనులో పాఠశాల తెరచిన దినముననే బీరువా తెరచి, ఆ బాలుని వ్యాసము తీసి తుదివరకు చదివితిని. వాని తండ్రి పర్చూరు వైపున కౌలురైతు. పెదతండ్రిగారి యింట ఆ యాటను చూచెనట. రెండవ పుటలో వాడిట్లు వ్రాసెను: “ఈ పొలములో ఆకుముడుత రాదు. పూత రాలదు. యార్డులో ధర పడిపోదు. కౌలు ముందుగా కట్టనక్కరలేదు. మా మిరప పోయిన ఏడు మా నాయన ఇట్టి పొలములో ఉండినచో బాగుండునని నాకు అనిపించును. కాని ఈ ఆట చేసినాయన అప్పు పెట్టుట మఱచినాడు. అందుచేత ఇది సేద్యము కాదు, సేద్యమును గూర్చిన కోరిక. కోరిక అని తెలిసి ఆడితే తప్పు లేదు.”

నేను వేసవి యంతయు ఆడి వ్రాసికొన్న మాటను వాడు అంతకుముందే వ్రాసి యుండెను. నాకంటె నొక మెట్టు పైకి పోయి వ్రాసెను. సత్యము చెప్పదని నేను ఆటను తప్పుపట్టితిని. అది చెప్పునది ఎవరి కోరికయో వాడు కనుగొనెను. ఆ పుటమీదనే నా సున్న యుండెను.

మరునాడు తరగతియందు అందఱి యెదుట, నేను ఆటను చూడక, వ్యాసమును చదువక మార్కు వేసితినని చెప్పి, వానిని క్షమింపుమని యడిగితిని. సున్నను కొట్టివేసి, 20కి 16 వేసితిని: పుస్తకమును గూర్చి వ్రాయనందుకు రెండు, అక్షరదోషములకు రెండు తగ్గించితినని కారణము చెప్పితిని. వాడు లేచి నిలిచి, “అక్షరదోషములు ఏవి మాస్టారూ?” అనెను. తరగతి నవ్వెను. మేమిద్దరము కూర్చుండి వానిని దిద్దుకొంటిమి.

తలిదండ్రులారా, ఈ వ్యాసము చదివి పంతులుగారు ఆటల పక్షము చేరిరని తలంపకుడు. ఆటపై పట్టు తప్పి చదువును, నిద్రను, ఇంటిపనిని విడుచువారి స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో రుగ్మతల పట్టికలో చేర్చినది. డబ్బామీద 18 అని ముద్రింపబడిన యాటలు బడిపిల్లలకు తగవు. మా మేనల్లునికిని నాకును రెండు గంటల హద్దు ఉండెను. ఆ హద్దు లేనిచో నేనే ముందుగా చెడియుందును. నేను కోరునది వేఱు. “ఆటలన్నియు చెడ్డవి” అనుట యెంత సులభమో అంత నిష్ఫలము. బిడ్డ ఆడుచున్న యాటయొద్ద ఒక సాయంకాలము కూర్చుండుడు. అది ఓర్పు నేర్పుచున్నదా, కోపము నేర్పుచున్నదా? నవ్వు పేరిట ఏమి చేయించుచున్నది? దేనిని చూపక దాచుచున్నది? ఈ మూడు ప్రశ్నలు వానినే యడుగుడు. జవాబును తుదివరకు వినుడు.

విద్యార్థులారా, మీరును ఆడిన యాటను గూర్చి రెండు పుటలు తెలుగున వ్రాసి తెండు. ఈ మారు రెండవ పుటయు చదివెదను.