నీలం సీసా, నీలం దీపం

రంగుల మహిమ గురించి మా పెద్దాపురం వాళ్ళకి ఒకరు చెప్పాలా? పట్టుచీరలకి పేరుపడ్డ ఊరు మాది. మంచి రంగు చీర ఒళ్ళో పరిస్తే ఆడవాళ్ళ దిగులు సగం అక్కడే పోతుంది. ఇలాంటి ఊళ్ళో రంగులతో రోగాలు కుదురుతాయంటే ఎవరు కాదంటారు?

మా పక్కింటి పిన్నిగారి పిట్టగోడ మీద రోజూ మూడు గాజుసీసాలు ఎండలో ఉంటాయి. ఎర్రసీసా నీళ్ళు నీరసానికి, నారింజవి అరుగుదలకి, నీలంవి ఒంటివేడికీనట. "మంచినీళ్ళేగా, తాగితే పోయేదేముంది, ఆయ్!" అంటారావిడ. ప్రకృతి వైద్యులు కొందరు ఈ పద్ధతి పాటిస్తూనే ఉన్నారు. బొంబాయిలో పుట్టి అమెరికా చేరిన దిన్షా ఘాడియాలీ అయితే 1920లో ఏకంగా రంగుదీపాల యంత్రమే తయారుచేశాడు. నయం చేశానని చెప్పుకున్న రోగుల్లో కొందరు అవే జబ్బులతో పోయారని విచారణలో తేలి, 1947లో అక్కడి కోర్టు ఆయన్ని దోషి అంది.

పిన్నిగారి మంచినీళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా మా మేనకోడలికి కొడుకు పుట్టిన మూడోనాడు వచ్చింది. పిల్లాడు అరికాళ్ళదాకా పసుపు పూసినట్టున్నాడు. పాలకీ లేవడం లేదు. పిన్నిగారు పడగ్గది నీలం బల్బు విప్పి పట్టుకొచ్చారు. "ఉయ్యాల మీద వెలిగించండి. పచ్చికూన, కాకినాడ దాకా ఎందుకూ?"

"అత్తా, ఏం చెయ్యను?" అంది పిల్ల.

"కారు పిలిపించవే," అన్నాను.

ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి, పిల్లాడి కళ్ళకి గంతలు కట్టి దీపం కింద పడుకోబెట్టారు. ఏ రంగు దీపమంటారా? నీలమే! పిన్నిగారి మొహం చూడాలి మీరు!

"నీలం చలవ చేస్తుందని కాదండీ," అంది డాక్టరమ్మ. ఒంట్లో పేరుకున్న బిలిరుబిన్ అనే పచ్చపదార్థం ఆ కాంతిని పీల్చుకుని, రూపం మార్చుకుని, మలమూత్రాల్లో పోతుందిట. మితిమీరితే అది మెదడుని దెబ్బతీస్తుందిట. అందుకే ఎంత కాంతి, ఎన్ని గంటలు అన్నది రక్తపరీక్షని బట్టి చూస్తారు. పడగ్గది బల్బుకి ఆ సత్తువెక్కడిది?

ఈ వైద్యానికి దారి చూపించింది ఎవరనుకున్నారు? మనలాంటి ఆడమనిషే. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సమ్మ పసివాళ్ళని ఎండకి తిప్పేది. ఓ బిడ్డకి దుప్పటి కప్పిన మేర మాత్రమే పచ్చగా మిగిలి, తక్కిన ఒళ్ళు తేటపడ్డం గమనించి డాక్టర్లకి చూపించింది. వాళ్ళు పరీక్షలు చేసి, దీపాలమర్చి, 1958లో ఆ సంగతి లోకానికి చెప్పారు.

రంగుని నమ్మడం వేరు, రంగుని కనిపెట్టి చూడడం వేరు. ఆ రెండోది మనకి చేతనైన పనే. పుట్టిన రోజే బిడ్డ పచ్చబడినా, పచ్చదనం కాళ్ళకి దిగినా, పాలు మాని మగతగా పడున్నా, సీసాల వంకా బల్బుల వంకా చూడకండి. ఆసుపత్రికి బయల్దేరండి. మనసు బాగుండడానికి చీరల రంగులు ఎలాగూ ఉన్నాయి!