లాడం చప్పుడు

మా ఊరు హిందూపురం, మేమేమో సాయిబులం. 1990ల్లో వేసవి రేసులొస్తే బెంగుళూరు రైల్లో ధర్మవరం మగ్గాల పిల్లోళ్లు, పెనుకొండ చాచాలు కలిసేవాళ్లు. మా అబ్బాలు జుట్కాలు తోలినారు, లాడాలు కొట్టినారు. అందుకే బాబులు రేసుపుస్తకం చూస్తే మేము గుర్రం నడక చూసేవాళ్లం. వెనక కాలు ముందుకాలి గుర్తు దాటి పడాల, చెమట నురగ కట్టకూడదు. కుణిగల్ గుర్రాలశాల టిప్పు నాటిదని మురుసుకునేది వేరే!

పందెం హరామని అమ్మీ చెప్పింది నిజమే. ఒకేడు బక్రీదు బట్టల దుడ్డంతా పోగొట్టినాం. పిల్లోళ్లు పాతబట్టల్తోనే ఈద్గాకు వచ్చినారు.

జాకీ అస్లం ఖాదర్ మీద దుడ్డు కట్టి, "అస్లం, అస్లం" అని మా పక్కన గొంతు చించుకున్న ఆసామే, బాడుగింటికి పోతే మా పేర్లడిగి, ఇల్లు ఖాళీ లేదన్నాడు. టులెట్ బోర్డు గేటుకు అట్లే ఏలాడతా ఉండె.